మాట తెగే చోటు

మా రేడియో సారు పోయిన కబురు నాకు మాటగా రాలేదు. ముందు ఒక కూతగా వచ్చింది.

ఈ చలికాలంలో ఒక మంచు పొద్దున. మా కమ్యూనిటీ రేడియో గదిలో మైకు ముందు కూర్చుని ఉన్నాను. ఏడున్నర అయింది, టైము చెబుదామని మైకు తెరిచాను. గది మొత్తం చెవులు చిల్లులు పడేలా కీచుమంది. మోగుతున్న రేడియోను తెరిచిన మైకు దగ్గరికి తెస్తే అట్లా కూస్తుంది. అందుకే గదిలోకి ఎవరూ రేడియో తేవద్దని సారే గోడ మీద రాయించారు. తల తిప్పి చూస్తే గుమ్మంలో గొర్ల కాపరి తాత నిలబడి ఉన్నాడు. గొంగడి మంచుకు తడిసి ఉంది. రెండు చేతుల మధ్య సారు రేడియో.

మైకు కట్టేశాను. కూత ఆగింది.

"దీన్ని ఎట్ల బందు చెయ్యాల్నో తెల్వలే బిడ్డా," అన్నాడు తాత. "సారు కనుమల కూసున్నడు. పిలిస్తే పలుకుతలేడు. ఇదొక్కటే మాట్లాడుతున్నది."

ఆ సాయంత్రం ఆరుగంటలకు సారు చావు కబురు నేనే చదివాను. మా రేడియోలో రోజూ మొదట చదివేది చుట్టుపక్కల ఊళ్ళ చావు కబుర్లు. అవి ఎట్లా చదవాలో నేర్పింది కూడా ఆయనే. పేరు, ఊరు, ఎప్పుడు ఎత్తుతారు, అంతే. "సచ్చినోళ్ళ గురించి రేడియోల ఏడ్వకు బిడ్డా, ఏడ్చెటోళ్ళు ఇంటికాడ ఉంటరు," అనేవారు. నాలుగు వాక్యాల్లో చదివి ముగించాను. ఆ నాలుగు వాక్యాల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

సారుది మా పక్క ఊరే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సర్కారు రేడియో రిలే కేంద్రంలో చేశారు. ఎక్కడి నుంచో వచ్చిన మాటను పట్టుకుని, ఇంకొంచెం దూరం పంపడం ఆయన పని. అన్నేళ్ళలో తన గొంతు ఒక్కసారి కూడా గాలిలోకి పంపలేదట. రిటైరై ఊరికి వచ్చిన కొన్నాళ్ళకు మా మహిళా సంఘానికి రేడియో లైసెన్సు వచ్చింది. మిషను వచ్చింది, యాంటెనా కట్టే గుంజ వచ్చింది. నడిపే మనిషి లేడు. ఒకరోజు ఆయనే సైకిలు మీద వచ్చి, జేబులోంచి టేపు తీసి గుంజ కొలవడం మొదలుపెట్టారు. ఎవరూ పిలవలేదు.

మొదటి మీటింగులో లైసెన్సు కాగితం తెలుగులో చెప్పారు. మిషను యాభై వాట్లు దాటొద్దు. యాంటెనాతో కలిపి బయటికి పోయే బలం నూరు వాట్లు దాటొద్దు. యాంటెనా నేల నుంచి ముప్పై మీటర్లు దాటొద్దు.

"నూరు వాట్లంటే ఎంత సార్?" అని సంఘం అధ్యక్షురాలు అడిగింది.

"మీ పసుల కొట్టంల కరెంటు బుగ్గంత."

"గింత పెద్ద గుంజ ఏసి బుగ్గంతేనా?"

"బుగ్గ చిన్నదే అమ్మా. కాని చీకట్ల ఎంత దూరం కనబడ్తది? అడ్డం గోడ లేకుంటే సాలు."

మా దగ్గర గోడ ఉంది. ఊరికి దక్షిణాన, అమ్రాబాద్ కొండలు మొదలు కాకముందే అడ్డంగా పడుకున్న ఒక గుట్ట. దానికి నడుమ కనుమ. కనుమ దిగితే గుట్టవెనుక పల్లె, ముప్పై నలభై ఇళ్ళు. కనుమ దాకా మా మాట బాగా వస్తుంది. దాటి పది అడుగులు కిందికి దిగితే తెగిపోతుంది.

ఇది మాకు ఎట్లా తెలిసిందంటే, సారు నడిచి కనుక్కున్నారు. మొదటి ఏడాది ఆయన పని అదే. నేను సాయంత్రం చదువుతుంటే, ఆయన రెండు బ్యాటరీల చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఒక్కోరోజు ఒక్కో దిక్కుకు నడిచేవారు. ఇంకో చేతిలో మూతపెట్టిన సున్నం డబ్బా, చిన్న కుంచె. మాట పోయి, ఇసుక పోసినట్టు చప్పుడు మొదలైన చోట ఆగి, "ఆఁ, తెగింది," అనేవారు. పక్కన మనిషి ఉన్నా లేకున్నా అనేవారు. అక్కడ దగ్గరున్న రాయికి వేలెడంత సున్నం పూసేవారు. అట్లా చేలల్లో, బీళ్ళలో, వాగు ఒడ్డున మా మాట చుట్టూ సున్నం రాళ్ళు తేలాయి.

ఆయన అనుకోనిది ఒకటి జరిగింది. ఒక ఆషాఢం తర్వాత చూస్తే ఆ రాళ్ళకు పసుపు, కుంకుమ పడ్డాయి. ఒకచోట నిమ్మకాయ కూడా. పొలిమేర రాళ్ళనుకున్నారు జనం. ఊరి హద్దు దాటి ఏదీ లోపలికి రాకుండా సారు కట్టు కట్టాడని ఒక మాట పుట్టింది. కలుపు తీసే ఆడవాళ్ళు పొద్దుగూకితే రాయి దాటి పోయేవారు కాదు. నాకు నవ్వొచ్చి సారుకు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"పసుపు కడగొద్దని చెప్పు. కింద నా సున్నం ఉంటే సాలు," అన్నారు. కుంచె కడుగుతూ, "రాయి కదపకుండ ఉంటరు. మంచిదే," అన్నారు.

ఒకసారి రాష్ట్రావతరణ రోజున సర్పంచి మనుషులు జెండాకు పొడుగు బొంగు కట్టి గుంజ కొసకు బిగిస్తామని వచ్చారు. అంత ఎత్తున జెండా ఎగిరితే అచ్చంపేట దాకా కనబడుతుందని వాళ్ళ ఆశ.

"గుంజను పది ముక్కలు ఎందుకు చేయించిన?" అన్నారు సారు. "ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. ఒక్కో ముక్క మూడు మీటర్లు. ఎవరైనా కిందికెల్లి లెక్కపెట్టొచ్చు. పదకొండోది నేను పెట్టనియ్య."

"జెండాకు కూడ రూలేంది సార్?"

"జెండాకు బడికాడ గుంజ ఉన్నది. దాని పని అది చేస్తది, దీని పని ఇది."

మొండి మనిషి అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ హద్దు ఎందుకో నాకు తెలిసింది తర్వాతి చలికాలంలో. ఒక రోజు తెల్లవారుజామున ఆయన నన్ను, కాపరి తాతను వెంటబెట్టుకుని కనుమకు తీసుకుపోయారు. మా మిషను అప్పుడు బందు ఉంది, మేము సాయంత్రాలే నడిపేవాళ్ళం. కింద ఊరు మంచులో మునిగి గుంజ కొస మాత్రం తేలి ఉంది. సారు రేడియో తిప్పి మా స్టేషను నంబరు మీద పెట్టారు. ఇసుక చప్పుడు రావాలి. ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

కన్నడం. మక్తల్ అవతల, ఇంకా ఎంతో దూరం నుంచి. ఏదో పేర్లు చదువుతోంది. పేరు, ఆగడం, ఊరు, ఆగడం. నేను చదివినట్టే. నా నంబరు మీద, నేను కూర్చునే చోట ఇంకో మనిషి కూర్చుని ఉన్నట్టు అనిపించింది.

"కింద గాలి సల్లగ, మీద గాలి ఎచ్చగ ఉంటే మాట నడుమల జారుకుంట వస్తది. గుట్టలు గూడ దాటుతది," అన్నారు సారు. "పొద్దు పొడిస్తే ఏమీ ఉండదు."

"ఆమెకు తెలుసా సార్?"

"తెల్వదు. ఇంత దూరం వచ్చినట్టు ఆమెకు తెల్వదు."

పొద్దు పొడిచింది. గొంతు ఒక పేరు మధ్యలో పోయింది. దిగుతూ ఆయన అన్నారు. "అందుకే హద్దు బిడ్డా. మనం గుంజ లేపితే ఇంకెవల్లదో మాట మునుగుతది. ఒకల మాట మీద ఇంకొకల మాట పడొద్దు." ఆయన నాకు చెప్పిన వాటిలో ఇది నేను ఎక్కువసార్లు తలుచుకుంటాను. ఆయన కూడా అట్లాగే బతికారు. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరవగా నేను చూడలేదు. చెప్పవలసింది ఎంత తొందరైనా, గుమ్మంలోనే నిలబడి అవతలి మాట అయ్యేదాకా ఆగేవారు.

గుట్టవెనుక పల్లెలో ఒక అవ్వ ఉంది. ఆమె కొడుకు పల్లి చేనుకు అడవిపందుల కావలి కాసేవాడు. ఒకసారి మా రేడియో గదికి వచ్చి ఆ కావలి గురించి మాట్లాడాడు. మంచె మీద నుంచి పందుల్ని ఎట్లా అదిలిస్తాడో మైకు ముందు అదిలించి చూపించాడు. "హో… హోయ్" అని ఒక సాగదీత. మిషను ముల్లు ఆ చివరకు కొట్టుకుంది. చివర తనే నవ్వుతూ, "అమ్మా, ఇంటున్నవా? గొళ్ళెం పెట్టకు, నేనొస్తున్న," అన్నాడు. వాళ్ళ ఇంటికి రేడియో అందదని తెలిసే అన్నాడు. పదకొండు నిమిషాల రికార్డింగు అది.

తర్వాత కొద్దిరోజులకే అచ్చంపేట నుంచి వస్తూ మలుపు దగ్గర బండి జారి చనిపోయాడు. మా దిక్కున బయట పోయిన మనిషిని ఇంట్లోకి తేరు. దవాఖాన నుంచి తెచ్చి, వాకిట్లో కూడా దించకుండా, ఊరి బయటి నుంచే తీసుకుపోయారు.

నెల మాసికం అయినాక అవ్వ మా సంఘం మీటింగుకు వచ్చింది. గుట్ట ఎక్కి దిగి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పీనుగను గడప దాటనియ్యలే," అంది. "సరే, అది రివాజు. వాని గొంతు మీకాడ ఉన్నదట. దాన్నన్న ఇంట్లకు రానియ్యుండ్రి."

నేను లేచి, రికార్డింగు ఆమె మనవరాలి ఫోనులో వేసిస్తానని చెప్పాను.

"ఆ పిల్ల ఎప్పుడో ఏసింది. ఇన్న. అది మేం తెచ్చుకున్నది బిడ్డా. సంచిల ఉప్పు తెచ్చుకున్నట్టు. వాడు వాని కాళ్ళ మీద వచ్చినట్టు రావాలె. వస్తున్న అన్నడు గద."

అధ్యక్షురాలు కళ్ళు తుడుచుకుని సారు వైపు తిరిగింది. "ఒక్క ముక్క సార్. మూడు మీటర్లు. ఎవలొచ్చి కొలుస్తరు ఈ అడివిల?"

"నేను కొలుస్త," అన్నారు సారు.

"మీరు కొలిస్తే మేం భయపడాల్నా?"

"భయం గాదు అమ్మా. నాకు తెలిసి నేనే దాటిస్తే, ఇన్నేండ్లు చేసింది ఏంది మరి?" ఆయన గొంతు లేవలేదు. "మూడు మీటర్లు లేపినా ఆ గుట్ట దాటదు. పది లేపినా అనుమానమే."

అవ్వ ఆయన్ని పైకీ కిందికీ చూసింది. "నీ గుంజ కంటె మా కోడిపుంజు నయ్యం సారూ. మూరెడు లేదు. కూస్తే గుట్ట అవతల ఇనబడ్తది."

అందరూ నవ్వారు, ఏడుపు దగ్గర నవ్వు వచ్చినట్టు. సారు నవ్వలేదు. ఆమె ముందుకు జరిగి, బడిపిల్లవాడు లెక్క అడిగినట్టు అడిగారు.

"రోజూ ఇనబడ్తదా అవ్వా?"

"రోజూ యాడిది? మంచు పడ్డ పొద్దుగాలనే."

"గాలి ఉంటే?"

"గాలి ఉంటే ఇనబడది. మీ కాపరిని అడుగు, కనుమల ఉంటడు గద."

ఆ రోజు సాయంత్రం సారు మిషను గదిలో చాలాసేపు కూర్చున్నారు. పోయే ముందు అన్నారు. "బిడ్డా, చలికాలం వస్తే పొద్దుగాల గూడ నడుపుదమా? ఆరింటికి. మంచు పడ్డ రోజులల్లనే. ముందుగాల ఆ పిలగాని మాట ఏయి. గుంజ పది ముక్కలే, ముల్లు యాభై మీదనే. గాలి ఏం చేస్తదో సూద్దం."

అవ్వకు మాట ఇవ్వలేదు. "పొద్దుగాల తలుపు తీసి రేడియో పెట్టుకో, వస్తే వస్తది," అని కబురు మాత్రం పంపారు.

మిగిలింది ఈ చలికాలం సంగతి. మంచు పడిన రోజు ఆయన నాలుగింటికే లేచి, గుట్ట కిందిదాకా సైకిలు మీద, అక్కడి నుంచి నడిచి కనుమ ఎక్కేవారు. ఆరింటికి నేను రికార్డింగు వేసేదాన్ని. చీకట్లో ఒక్కదాన్నే కూర్చుని ఆ అదిలింపు వినడం నాకు అలవాటు కాలేదు. "హో… హోయ్" అని పోయిన మనిషి కేక వేస్తుంటే, ముల్లు లేచి పడుతుంటే, ఈ కేక వినబడి ఇప్పుడు ఎక్కడో చేలో పందులు తల ఎత్తుతాయేమో అనుకునేదాన్ని. ఎనిమిదింటికి సారు వచ్చి, నోటుబుక్కు తీసి రాసేవారు. చెప్పులకు మంచుతో తడిసిన మన్ను. "కనుమ దాటి అరవై అడుగులు." ఇంకో రోజు, "రెండు వందల పది." ఒకరోజు గాలి వచ్చి అసలు దాటలేదు. మరుసటి వారం, "వాగు దాకా." ఆ తర్వాత, "మొదటి కొట్టం దాకా."

"దగ్గరికొస్తున్నది సార్," అన్నాను.

"చలి ముదురుతున్నది," అన్నారు ఆయన. రెండు చేతులూ చాయ్ గ్లాసుకు చుట్టి కూర్చున్నారు. ఆ ఎక్కడం దిగడం వద్దని నేను చెప్పలేదు. చెప్పవలసింది.

ఆ కొట్టం పల్లెకు మొదట్లో ఉంటుంది. అవ్వ ఇల్లు దాని వెనకాల మూడోది.

ఆ తర్వాతి మంచు పొద్దునే కాపరి తాత రేడియోతో మా గుమ్మంలోకి వచ్చింది. సారు కనుమలోని ఆఖరి సున్నం రాయికి ఆనుకుని, పల్లె వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నారట. గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. ఆయనా బయటే పోయారు కనుక రివాజు ఆయనకూ తప్పలేదు. ఇంటి ముందు పందిరి వేసి అక్కడే ఉంచారు. సారు భార్య ఏడవలేదు. తాత చేతుల్లోంచి రేడియో తీసుకుంది. "ఇది పోలే గద," అని, దాన్ని పట్టుకుని ఇంట్లోకి పోయింది.

మధ్యాహ్నం అధ్యక్షురాలు నన్ను పక్కకు పిలిచింది. "మాట కొట్టం దాకా పోతుండెనట. ఆఖరి రోజు సారు చెప్తే నువ్వు మిషనేమన్న పెంచినవా? నాకు చెప్పు, ఎవలకు చెప్ప."

"లేదక్కా. యాభై మీదనే ఉన్నది."

"గుంజ?"

ఇద్దరం పోయి కింద నిలబడి లెక్కపెట్టాం. పది. ఇంకోసారి లెక్కపెట్టాం. పది.

మూడోరోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, కాల్చిన చోట విస్తరిలో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేదో తెలుసుకుని తీరుస్తామని చెప్పాలి. అన్నం, పల్లి చట్నీ, ఆయన రోజూ తాగే చాయ్ పెట్టాం. చుట్టూ తుమ్మల మీద కాకులు చాలానే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. కూయలేదు కూడా. అన్నీ తలలు ఒకే దిక్కుకు పెట్టి కూర్చున్నాయి.

"మనవడిని మంచిగ చదివిస్తం," అన్నారు ఇంటివాళ్ళు. కదల్లేదు. "అమ్మను మంచిగ చూస్కుంటం." కదల్లేదు. ఎండ ఎక్కింది. అధ్యక్షురాలు ఇక ఆగలేక ముందుకు పోయి దండం పెట్టింది. "సారూ, మీ కోరిక మాకు తెలుసు. గుంజ ఇంకో మూడు మీటర్లు లేపుతం. గుట్ట దాటిస్తం."

ఒక కాకి లేచి, ఇంకా దూరపు చెట్టు మీదికి పోయింది.

"గట్ల అనకు," అంది సారు భార్య మెల్లగా. "ఆయనకు కోపమొస్తది."

అప్పుడు వెనకనుంచి అవ్వ వచ్చింది. గుట్ట దిగి వచ్చేసరికి ఆలస్యమైనట్టుంది, రొప్పుతోంది. ఎవరినీ పలకరించలేదు. విస్తరి దగ్గరికి పోయి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"సారూ, వచ్చింది. ఆ పొద్దుగాల మంచిగొచ్చింది. కొట్టం దాటింది, గడప దాటింది. లోపలికొచ్చి వస్తున్న అన్నడు. నీకు చెప్దమంటె నువ్వు లేకపోతివి."

ఆమె ఇంకా వెనక్కి తిరగలేదు. కాకి దిగింది. తర్వాత ఇంకొకటి.

మరునాడు నేను గుట్టవెనుక పల్లెకు పోయాను. కనుమలో ఆఖరి రాయి దగ్గర ఆగి చూశాను. పాత సున్నమే, చుట్టూ పసుపు. సారుతో పాటు తెచ్చిన సామానులో సున్నం డబ్బా మూత తీసి ఉందని, కుంచె తడిగా ఉందని ఆయన భార్య చెప్పింది. కొత్త సున్నం ఎక్కడైనా ఉందేమోనని దారి పొడుగునా చూస్తూ దిగాను. వాగు దగ్గర లేదు. కొట్టం దగ్గర పాతదే ఉంది. నోటుబుక్కులో ఆ రోజు కింద "మంచు. గాలి లేదు." అని ఉంది. అడుగులు రాసే చోట ఖాళీ.

అవ్వ నన్ను లోపల కూర్చోబెట్టి చెప్పింది. ఆ పొద్దున తలుపు బార్లా తీసి, దీపం పెట్టకుండా, రేడియో ముందు కళ్ళు మూసుకుని కూర్చుందట. మొదట ఇసుక చప్పుడు. తర్వాత కేక, దూరం నుంచి దగ్గరికి. తర్వాత మాటలు. చివర అమ్మా అని పిలిచి, వస్తున్నానన్నాడు.

"ఇగ అయిపోయిందనుకున్న," అంది. "గప్పుడు గడపకాడ ఎవలో అన్నరు, 'ఆఁ, తెగింది' అని. మెల్లగ. కండ్లు తెరిస్తె ఎవలు లేరు. మంచే."

తిరిగి వచ్చాక రికార్డింగు చివరిదాకా విన్నాను. అందులో సారు గొంతు లేదు.

ఆ రోజు అవ్వ ఇంట్లోంచి లేవబోతూ గడప చూశాను. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన పాత కొయ్య గడప. దాని లోపలి అంచు మీద, బయటి నుంచి చెయ్యి చాపితే అందే చోట, వేలెడంత సున్నం.

"ఇది?"

"నేను పెట్టలే. తెల్లగ అయినంక సూసిన."

నేను అర్థం చేసుకున్నది ఇది. సారు ఆ రోజు మాట వెంట వాగు దాటి, కొట్టం దాటి, అవ్వ గుమ్మం దాకా వచ్చారు. మాట లోపలికి పోవడం విన్నారు. తెగిన చోట గుర్తు పెట్టారు. ఆమెను పలకరించలేదు. కొడుకు మాట అప్పుడే ఇంట్లోకి వచ్చింది, దాని మీద ఇంకో మాట పడకూడదు. వెనక్కి పోయి, కనుమ ఎక్కేసరికి గుండె ఆగింది. ఇది ఆయన చేసే పనే.

తాత మాత్రం దీనికి ఒప్పుకోడు. గొర్లు తోలుకుని కనుమ ఎక్కినప్పుడు ఇంకా వెలుతురు రాలేదని, అప్పటికే సారు ఆ రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నారని అంటాడు. "వస్తవా సారూ అన్న. ఇంటున్నడేమో అని నా తొవ్వన నేను పోయిన. రేడియోల పిలగాడు అప్పుడే పందుల అదిలిస్తుండె. మల్లొచ్చి ముట్టుకున్న, సల్లగ ఉన్నడు. మంచుల కూసున్నోడు సల్లగ ఉండడా అనుకున్న." తాతకు గడియారం లేదు. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెబుతాడు. నేను అడగడం మానేశాను.

మేము గుంజను లేపలేదు. మంచు పడిన పొద్దున ఆరింటికి ఇంకా నడుపుతున్నాం. మొన్న ఒకరోజు గదిలో ఇంకొకరిని కూర్చోబెట్టి, నేను అవ్వ ఇంట్లో ఉన్నాను. ఆమె తలుపు తీసి పెట్టింది. రేడియోలో ఇసుక చప్పుడే వచ్చింది. ఎక్కడో కొంచెం గాలి ఉన్నట్టుంది. ఆరుంబావు అయింది, ఆరున్నర అయింది. ఏమీ రాలేదు. అవ్వ రేడియో కట్టెయ్యలేదు. లేచి, గడపకు పసుపు రాసింది, లోపలి అంచు దగ్గర వేలు ఆపి ఆ తెలుపును వదిలి రాసింది. తలుపు దగ్గరికి వేసింది. గొళ్ళెం పెట్టలేదు. గాలికి తలుపు ఒకసారి లోపలికి కదిలి, ఆ తెల్లటి గుర్తు దాకా వచ్చి ఆగింది.